బల్బు వెలుగు వేరు, ఎండ వేరు

మా జిగణిలో పొద్దున ఎనిమిది కాగానే గ్రానైటు రాళ్ల మీద, కాంపౌండు గోడల మీద తొండలు ఎక్కి ఎండ కాచుకుంటాయి. అవి ఎందుకు అట్లా కూర్చుంటాయో అరవై ఏళ్లలో నేను ఎప్పుడూ ఆలోచించలేదు. మా మనవడు ఒకదాన్ని ఇంటికి తెచ్చినాక ఆలోచించక తప్పలేదు.

మా అమ్మాయి బన్నేరుఘట్ట రోడ్డు వైపు ఒక ఇంట్లో పని చేస్తుంది. ఆ ఇంటివాళ్లు దేశం విడిచి పోతూ, పిల్లోడు ముచ్చట పడుతున్నాడని వాళ్ల బియర్డెడ్ డ్రాగన్‌ను గాజు పెట్టెతో సహా ఇచ్చేసినారు. పేరుకు డ్రాగనే గానీ అది మన తొండకు చుట్టమే. సొంత ఊరు ఆస్ట్రేలియాలోని ఎండు నేలలు. గొంతు కింద ముళ్ల గడ్డం ఉంటుంది, కోపం వస్తే దాన్ని నల్లగా ఉబ్బిస్తుంది.

పెట్టెలో ఉన్న బల్బు మాడిపోతే మావాడు ఇంట్లో ఉన్న ఎల్‌ఇడి బల్బు పెట్టినాడు. ఎండ కూడా తగలనీ అని నేనే పెట్టెను మూసిన కిటికీ దగ్గరికి జరిపినాను. కొన్ని నెలలకు అది తిండి తగ్గించింది. ఒకరోజు "తాతా, దీని కాళ్లు వణుకుతున్నాయి చూడు" అని పిల్లోడు ఏడుపు మొహం పెట్టినాడు. పశువుల డాక్టరు దాని దవడ పట్టి చూసి, ఎముకలు మెత్తబడుతున్నాయి అన్నాడు.

ఆయన చెప్పింది ఇది. ఎండలో వేడి, వెలుగుతో పాటు కంటికి కనిపించని యువిబి కిరణం ఉంటుంది. అది ఒంటికి తగిలితేనే విటమిన్ డి తయారవుతుంది. డి లేకపోతే తిన్న కాల్షియం ఒంటికి పట్టదు. అప్పుడు ఒళ్లు ఎముకల్లోని కాల్షియంనే లాక్కుంటుంది. ఎల్‌ఇడి బల్బులో వేడీ లేదు, ఆ కిరణమూ లేదు. కిటికీ అద్దం వెలుగును రానిస్తుంది గానీ ఆ కిరణాన్ని ఆపేస్తుంది. పగలంతా షెడ్డులో పనిచేసే మనకు డాక్టర్లు విటమిన్ డి తక్కువ అనేదీ ఇందుకే.

నాకు సిగ్గేసింది. స్పిన్నింగు మిల్లులో డ్రై బల్బు, వెట్ బల్బు చూసి తేమ లెక్క రాసినవాణ్ణి. తేమ తగ్గితే దారం తెగుతుందని తెలిసినవాణ్ణి. ఇంట్లో ప్రాణమున్న జీవికి మాత్రం ఏ కొలతా చూడలేదు.

తర్వాత పెట్టెను ఇట్లా సర్దినాము. ఒక కొస వేడిగా, ఇంకో కొస చల్లగా ఉండాలి. వేడి కొసలో రాయి పెట్టి, పైనుంచి హాలోజెన్ బల్బు వేసినాము. ఆ రాయి మీద 38 నుంచి 42 డిగ్రీలు ఉండాలి. చల్ల కొసలో 24 నుంచి 27 చాలు. వేడెక్కితే అదే పక్కకు జరుగుతుంది. అందుకే పెట్టె నాలుగడుగుల పొడవన్నా ఉండాలి. చెయ్యి పెట్టి చూస్తే తెలియదు, వైరు ఉన్న డిజిటల్ థర్మామీటరు రాయి మీదే పెట్టి చూడాలి.

యువిబికి వేరే టి5 ట్యూబు ఉంటుంది. పెట్టె పొడవులో సగానికి పైగా రావాలి, మధ్యలో గాజు గానీ ప్లాస్టిక్ గానీ అడ్డం ఉండకూడదు. ఎంత ఎత్తులో కట్టాలో దాని డబ్బా మీద చూసి కట్టండి. ఏడాదికల్లా మార్చాలి. వెలుగు బాగానే కనిపిస్తున్నా లోపలి కిరణం తగ్గిపోయి ఉంటుంది. నా నెల పెన్షన్ మొత్తం ఆ ట్యూబుకే పోయింది. మా ఆవిడ రెండు రోజులు మాట్లాడలేదు.

పగలు పన్నెండు గంటలు దీపాలు, రాత్రి చీకటి. ఎర్ర బల్బు వద్దు. కరెంటుతో వేడెక్కే రాయి అసలే వద్దు, పొట్ట కాలుతున్నా దానికి తొందరగా తెలియదు. రాత్రి ఇంట్లో 18 డిగ్రీల దాకా తగ్గినా పెద్ద డ్రాగన్ తట్టుకుంటుంది. అంతకన్నా చల్లబడితే వెలుగు లేని సిరామిక్ హీటరును థర్మోస్టాటుతో వాడాలి.

చిన్న ఇళ్లలో ఉండేవాళ్లం, నిప్పు భయం మరవద్దు. హోల్డరు పింగాణీదే వాడండి, ప్లాస్టిక్‌ది కరిగిపోతుంది. బల్బుకు ఇనుప జాలీ కట్టండి. పక్కన దుప్పటి, గుడ్డలు ఆరెయ్యకండి.

కరెంటు లేని రోజు పొద్దున గాలి ఆడే బుట్టలో, సగం నీడ ఉండేట్టు, దగ్గర కూర్చుని కాసేపు ఎండ చూపిస్తాము. గాజు పెట్టెను మాత్రం ఎండలో పెట్టకండి, కాసేపట్లోనే లోపల ఉడికిపోతుంది.

ఇది చదివి ఎవరూ కొనడానికి పోవద్దు. విదేశీ జంతువులు కొన్నింటిని ఇంట్లో పెడితే 2024 నియమాల ప్రకారం రిజిస్టరు చేయించాలి, అటవీశాఖ వాళ్లను అడగండి. సాకలేమని బన్నేరుఘట్ట అడవిలో వదలకండి. గోడ మీది తొండను పట్టి పెట్టెలో పెట్టకండి.

డాక్టరు ఇచ్చిన కాల్షియం పొడి, ఈ దీపాలతో ఇప్పుడు వణుకు తగ్గింది, తిండి తింటోంది. వంగిన ముందుకాలు మాత్రం సరికాలేదు, ఇక కాదట. పొద్దున స్విచ్చి వెయ్యగానే ఆ కాలు ఈడ్చుకుంటూనే రాయి ఎక్కుతుంది. మావాడు థర్మామీటరు చూసి నోటుబుక్కులో డిగ్రీలు రాస్తాడు.