పన్ను నొప్పి రాకముందే దంతవైద్యుని ఎన్నుకొనుడు

పోర్టుబ్లెయిరు నగరమునకు 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురమని పేరు మారినది. అందలి లంబాలైన్ పేటకు మాత్రము పాత పేరే నిలిచినది. విమానాశ్రయము గల ఈ పేటలో ఇంటి ముంగిట నిలుచున్నవారికి చెన్నపట్టణము నుండి వచ్చు విమానము చేతికందునంత దాపున కనబడును. అందుచేతనే కాబోలు, పెద్ద వైద్యము కావలసినప్పుడు అవతలి ఒడ్డునకు పోవచ్చునులే యను ధీమా సులభముగా కలుగును. పంటి విషయమున ఈ ధీమా పనికిరాదు.

చెన్నపట్టణమునకైనను, విశాఖపట్టణమునకైనను ఓడలో దాదాపు మూడు దినముల ప్రయాణము. విమానమునకు రెండు గంటలే చాలును గాని, టిక్కెట్టు వెల సామాన్య కుటుంబమునకు భారము. క్రింది దవడలోని పిప్పిపన్ను వేరున చీము పట్టి, ఆ వాపు గడ్డము క్రిందికిని, నాలుక అడుగునకును వ్యాపించినచో, మొదట మ్రింగుటయు, పిదప ఊపిరి తీయుటయు కష్టమగును. అట్టి రోగికి మూడు దినముల వ్యవధి ఉండదు. వాపుతోపాటు జ్వరము వచ్చుట, నోరు తెరువలేకపోవుట, గ్రుక్క దిగకపోవుట, మాట ముద్దయగుట కనబడిన రాత్రి మంచి వైద్యులెవరని ఇరుగుపొరుగును విచారించుచు కూర్చుండరాదు. సెల్యులర్ జైలు ఆవరణలో 1963లో నెలకొల్పబడిన గోవింద వల్లభ పంతు ఆసుపత్రికి వెంటనే పోవలెను. విచారణయంతయు నొప్పి లేని దినములలో ముగించుకొనవలసినది.

విచారింపవలసిన మొదటి సంగతి వైద్యుని అర్హత. కలకత్తాలో డాక్టరు రఫీయుద్దీన్ అహమ్మదు 1920లో దంతవైద్య కళాశాలను స్థాపించునాటికి, మన దేశమున అనేకులకు పంటి వైద్యుడనగా సంతలో పటకారుతో కూర్చున్నవాడే. 1948 నాటి దంతవైద్యుల చట్టము ఈ వృత్తికి రిజిస్టరు నేర్పరచి, దానిని రెండు భాగములు చేసినది. పట్టము లేకున్నను అప్పటికే ఆ వృత్తిపై జీవించుచున్నవారికి ‘బి’ భాగమున చోటు దొరకినది. ఆ తరము గడచిపోయినది. 2023లో పార్లమెంటు జాతీయ దంతవైద్య కమిషన్ చట్టమును చేసినది; అందును నమోదు తప్పనిసరియే. కావున నేడు పంటి వైద్యము చేయువారికి బి.డి.యస్. పట్టమును, రిజిస్ట్రేషను సంఖ్యయు ఉండితీరవలెను. ఆ సంఖ్యను అడుగుట అమర్యాద కాదు, అర్హులైనవారు కోపింపరు. ఎం.డి.యస్. యనునది పట్టము తరువాత మూడు సంవత్సరములు ఒకే శాఖలో చేసిన చదువు. వంకర పండ్లను సరిచేయించుటకో, దవడ శస్త్రచికిత్సకో అది కావలెను గాని, కుటుంబమునకు నిత్యము కావలసిన వైద్యమునకు మంచి బి.డి.యస్. వైద్యులు చాలుదురు.

పట్టము లేనివారు ఒక్క పూటలోనే కట్టుడు పన్ను అమర్చి పంపుదురు. తనంతట గట్టిపడు ప్లాస్టిక్కు పిండిని చిగురుపైననే పోసి, తీగతో ప్రక్కపండ్లకు బిగింతురు. అది తీసి కడుగుటకు వీలుకాదు. దాని క్రింద ఆహారము కుళ్ళి, చిగురు పుండుపడి, గట్టిగానున్న ప్రక్కపండ్లు సైతము కదలిపోవును. చవుకగా వచ్చిన ఒక పంటికి మూడు పండ్లు మూల్యము!

రెండవ సంగతి పనిముట్ల శుద్ధి. గదిలోని కుర్చీ కొత్తదా, గోడలకు అద్దములున్నవా యని చూచుటకంటె, పనిముట్లు ఎట్లు వచ్చుచున్నవో చూడుడు. ఆటోక్లేవ్ అను యంత్రములో ఒత్తిడి గల ఆవిరి 121 డిగ్రీలు, అంతకుమించిన వేడిని చేరును. పనిముట్లు అందుండి సంచులలో మూయబడి వచ్చి, మీ యెదుట విప్పబడవలెను. గిన్నెలో మరిగించుటయో, మందునీట ముంచుటయో చాలదు. సూది కొత్తది కావలెను. చేతితొడుగులు రోగి రోగికిని మారవలెను. కాలేయమును చెరచు హెపటైటిస్-బి రక్తపు సూక్ష్మ బిందువుచేతనైనను అంటుకొనును. ఆ రోగి పైకి ఆరోగ్యవంతునివలెనే కనబడవచ్చును. కావున శుద్ధి అందరి విషయమునను ఒకే తీరున జరుగవలెను.

ఇక మూడవది, నా దృష్టిలో అన్నిటికంటె ముఖ్యమైనది: ఆ వైద్యులు పీకుటకు ముందు చూచుదురా? పంటిని తట్టి, చిగురును పరీక్షించి, అవసరమైనచో ఎక్స్‌రే తీసి, ఈ పన్ను నిలుచును, ఇది నిలువదు, కారణమిది యని చెప్పువారే కుటుంబవైద్యులు. పాలపండ్లు ఎట్లును ఊడునవే గదా యని పిల్లల పిప్పిపండ్లను విడిచిపెట్టు పెద్దలు పెక్కుమంది. ఆరవ యేట పాలపండ్ల వెనుక మొలచు దంతము పాలపన్ను కాదు, జీవితాంతము ఉండవలసినది. దానిని చూపి తల్లికి చెప్పు వైద్యుడు ఆ కుటుంబమునకు గొప్ప మేలు చేసినవాడు.

రూట్ కెనాల్ చికిత్సకు ఒక్కొక్కప్పుడు రెండు మూడు రాకలు పట్టును. ఎన్ని రాకలో, మొత్తము వ్యయమెంతో ముందుగనే అడుగుడు. వచ్చే వారము ఓడలో స్వగ్రామమునకు పోనున్నచో ఆ మాట దాచక చెప్పుడు. సగము తెరచిన పంటితో సముద్రముపై మూడు దినములుండుట మంచిది కాదు.

2011 జనాభా లెక్కలలో ఈ ద్వీపములందు నూటికి 13 మంది మాతృభాష తెలుగు. శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతములనుండి వచ్చినవారు ఇందు అనేకులు. ఆ తీరమున కొందరు స్త్రీలకు అడ్డపొగ, అనగా చుట్టను వెలిగించిన కొన నోటిలోనికి పెట్టి త్రాగు అలవాటు కలదు. ఈ అలవాటుచేత అంగిలికి క్యాన్సరు వచ్చుచున్నదని ఖానోల్కరు, సూర్యాబాయి అను పరిశోధకులు 1945లోనే ప్రకటించిరి. మామ్మకు పండ్లన్నియు ఊడినవి, ఆమెకు దంతవైద్యుడెందులకని తలపరాదు. అంగిలిపై తెల్లని మచ్చగాని, రెండు వారములైనను మానని పుండుగాని నొప్పి లేకయే పెరుగును. పండ్లు లేని నోటిని సైతము దీపము వేసి చూచు వైద్యులను ఎన్నుకొనుడు. ఆమెకు హిందీ రానిచో, మనుమని పంపి ఊరుకొనక, ఆమె మాటను కప్పిపుచ్చక చెప్పగల పెద్దవారు వెంట పోవలెను. ఎన్ని చుట్టలు త్రాగుదువని వైద్యులడిగినప్పుడు మనుమని యెదుట మామ్మ నిజము చెప్పదు.

ఆటలో పడిన పిల్లవాని శాశ్వత దంతము సమూలముగా ఊడివచ్చినచో, వేరును తాకక, తెల్లని పైభాగమును పట్టుకొని, పాలలో వేసి, గంటలోపున వైద్యుని చేర్చినచో దానిని తిరిగి నిలుపుటకు వీలు గలదు. అట్టి వేళ ఏ టెలిఫోనునకు పిలువవలెనో, ఆదివారమున ఎవరుందురో మొదటి రాకలోనే అడిగి వ్రాసికొనుడు. ఆ కాగితమును, ఎక్స్‌రేలను, చికిత్స వివరముల చీటీని రేషను కార్డుతోపాటు ఒకే సంచిలో ఉంచుడు. ఎన్నడైన అవతలి ఒడ్డున చికిత్స కొనసాగింపవలసివచ్చినచో అచ్చటి వైద్యులు మొదట అడుగునవి అవియే.