పాతాళంలో పాత నీరు

రైతుకు నీరు ప్రాణం. బొగ్గుగనిలో దిగినవానికి అదే నీరు పొంచి ఉన్న మృత్యువు. బొగ్గు తీసి విడిచిపెట్టిన పాత తవ్వకాలలో వాననీరు, ఊటనీరు ఏండ్ల తరబడి చేరి, చీకటి చెరువులుగా నిలిచి ఉంటవి. ఆ నీటికీ, నేడు పని సాగుతున్న చోటికీ నడుమ అడ్డుగా ఉండేది ఒక గోడ మాత్రమే. అది తెగినదా, వరద చెప్పి రాదు.

పశ్చిమ బెంగాలులో రాణీగంజ్ సమీపాన మహావీర్ గనిలో 1989 నవంబరు 13వ తేదీ రాత్రి జరిగినది ఇదే. బొగ్గును పేల్చుతున్న వేళ అడ్డు పగిలి నీరు లోపలికి ఉరికినది. గనిలో ఉన్న సుమారు 220 మందిలో పలువురు పైకి చేరుకొన్నారు. 71 మంది చిక్కుకొన్నారు. వారిలో ఆరుగురు మునిగిపోయినారు. తక్కిన 65 మంది నీరందని మెరకచోట చేరి, పైలోకపు పిలుపుకై కాచుకొన్నారు.

ఇంజనీరు జస్వంత్ సింగ్ గిల్ ఒక ఉపాయం ఆలోచించినారు. వారున్న తావుకు సరిగా పైనుండి మనిషి పట్టునంత రంధ్రం తొలిపించి, ఒక్కరు మాత్రమే నిలువగల ఉక్కు గొట్టాన్ని చేయించినారు. అందులో ముందుగా దిగవలసినది ఎవరు? ఆ ప్రశ్నకు ఆయన తానే సమాధానమైనారు. దిగి, ఒక్కొక్కరిగా 65 మందినీ పైకి పంపి, అందరికంటె కడపట తాను వచ్చినారు. 1991లో భారత ప్రభుత్వం ఆయనకు సర్వోత్తమ జీవన రక్షా పతకం ప్రసాదించినది.

అయితే సాహసం రెండవ రక్షణ, మొదటిది పటం. 2002 జూలైలో అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రాన క్యూక్రీక్ గనిలోనికి ప్రక్కనున్న పాత గని నీరు విరుచుకుపడినది. ఆ పాత గని ఎంతవరకు తవ్వబడినదో పటం సరిగా తెలుపకపోవడమే అందుకు కారణం. చిక్కిన తొమ్మండుగురినీ ఇట్టి గొట్టంలోనే సజీవులుగా వెలికి తీసినారు. 2003 జూన్‌లో మన గోదావరిఖనిలో నీరు చొరబడినప్పుడు 17 మందికి ఆ భాగ్యం దక్కలేదు.

పటం గీయడం బడిలో నేర్చే చిన్న విద్య. కాని తవ్వి విడిచిన చోటును ఉన్నది ఉన్నట్లు గీసి ఉంచిన చేయి, తానెన్నడూ చూడబోని మనిషి ప్రాణాన్ని కాపాడుతుంది. గిల్ వంటి ధీరులు లోకానికి కావలసిందే. వారు దిగవలసిన అవసరమే రాకుండా చూడడం అంతకు మించిన పుణ్యం.