కథ లేని పుస్తకాలకు హీరో హీరోయిన్లు

వ్యక్తిత్వ వికాస పుస్తకంలో సలహాలుంటాయి, కథ ఉండదు. అయినా హాలీవుడ్ వాటితో ప్రేమకథలు తీస్తూనే ఉంది.

1964 నాటి ‘సెక్స్ అండ్ ద సింగిల్ గర్ల్’ సంగతే చూడండి. పెళ్లికాని ఆడవాళ్లు తమ బతుకు తాము హాయిగా ఎలా బతకొచ్చో చెబుతూ రెండేళ్ల ముందు హెలెన్ గర్లీ బ్రౌన్ రాసిన పుస్తకమది. సినిమావాళ్లు దాంట్లోంచి తీసుకున్నది దాదాపు రెండు పేర్లే: పుస్తకానిదీ, రచయిత్రిదీ. నటాలీ వుడ్ వేసిన పాత్ర పేరు హెలెన్ గర్లీ బ్రౌనే! స్క్రిప్టు రాసినవాళ్లలో ‘క్యాచ్-22’ నవలాకారుడు జోసెఫ్ హెల్లర్ ఒకరు.

‘హీజ్ జస్ట్ నాట్ దట్ ఇంటు యూ’ది ఇంకా తమాషా. ‘సెక్స్ అండ్ ద సిటీ’ సీరియల్లోని ఒక డైలాగే 2004లో పుస్తకమైంది. అతను ఫోన్ చెయ్యడం లేదంటే నువ్వంటే ఇష్టం లేదనే అర్థం, నీ ఒక్కదానికి మినహాయింపు ఉంటుందని ఆశపడకు అంటుందది. 2009లో వచ్చిన సినిమాలో జీజీ అనే అమ్మాయికి ఈ పాఠం చెప్పేది బార్ నడిపే అలెక్స్. తీరా చూస్తే ఆ పంతులుగారే ఆమె ప్రేమలో పడతాడు! పుస్తకం వద్దన్న మినహాయింపుతోనే శుభం కార్డు వేశారన్నమాట.

2012 నాటి ‘థింక్ లైక్ ఎ మ్యాన్’లోనైతే స్టీవ్ హార్వీ రాసిన పుస్తకమే ఒక పాత్ర. ఆడవాళ్లు అది చదివి మగాళ్లను దారికి తెస్తుంటే, సంగతి పసిగట్టిన మగాళ్లూ అదే పుస్తకం కొంటారు.

అన్నిటికన్నా మొండి సరుకు ‘ద సీక్రెట్’. ఆస్ట్రేలియా టీవీ నిర్మాత రోండా బర్న్ 2006లో మొదట డాక్యుమెంటరీగా, తర్వాత పుస్తకంగా తెచ్చారు. ఆమెకు స్ఫూర్తి 1910లో వాలెస్ వాటిల్స్ రాసిన చిన్న పుస్తకం. మనసారా కోరుకుంటే దక్కుతుందంటుంది ‘ద సీక్రెట్’. కోరగానే దక్కితే ఇక కథెక్కడిది? అందుకే దాంతో తీసిన ‘ద సీక్రెట్: డేర్ టు డ్రీమ్’ సినిమా దర్శకుడు ఆండీ టెన్నంట్ కష్టాలన్నీ బయటినుంచి తెచ్చుకున్నాడు. భర్త పోయి ముగ్గురు పిల్లలతో అప్పుల్లో ఉన్నావిడ (కేటీ హోమ్స్), తుపాను, ఇంటి మీద కూలిన చెట్టు, చేతిలోని కవరు ఇవ్వలేక నీళ్లు నమిలే ప్రొఫెసర్ (జోష్ లూకాస్). పిల్లలు పిజ్జా అనుకోగానే డెలివరీ కుర్రాడు తలుపు తడతాడు. అక్కడ మాత్రం నాకు నవ్వాగలేదు. ప్రొఫెసర్ ఇంటి కప్పు బాగుచేసే సన్నివేశాలే నయం.

ఇంతా చేసి, 2020 ఏప్రిల్లో థియేటర్లకు రావాల్సిన ఈ సినిమా కరోనా వల్ల ఆగి, అమెరికాలో జులై 31న ఇంట్లోనే అద్దెకు చూసుకునేలా విడుదలైంది.