ఎగిరే మట్టిపలకను కొట్టాలంటే... తొలి తుపాకి ఎలా ఎంచుకోవాలి?

పల్లెల్లో తుపాకి అంటే చేను కాపలాకు, పందిని బెదిరించడానికి అనే చాలామందికి తెలుసు. అదే తుపాకితో ఆడే ఆట ఒకటుంది. గాలిలోకి విసిరిన మట్టిపలకను పగలగొట్టే ఈ ఆట ఒలింపిక్స్‌లోనూ ఉంది. 2004లో ఏథెన్స్ ఒలింపిక్స్‌లో రాజ్యవర్ధన్ సింగ్ రాథోడ్ వెండి పతకం తెచ్చింది ఈ ఆటలోనే. 2023లో చైనాలో జరిగిన ఆసియా క్రీడల్లో మన హైదరాబాద్ షూటర్ కైనన్ చెనాయ్ ట్రాప్ విభాగంలో జట్టుతో కలిసి బంగారు పతకం, సొంతంగా కాంస్య పతకం గెలిచాడు. ఇలాంటివి చూసి మా అబ్బాయికి నేర్పిద్దాం, మా అమ్మాయికి నేర్పిద్దాం అనుకునే రైతు కుటుంబాలూ ఉంటాయి. మంచిదే. కానీ లక్షల రూపాయలతో, ప్రాణంతో కూడిన వ్యవహారం. ఎద్దును కొనేటప్పుడు పళ్ళు చూస్తాం, నడక చూస్తాం. తుపాకి విషయంలో అంతకు రెట్టింపు జాగ్రత్త కావాలి.

ఆట ఏమిటంటే...

పలక టీ సాసరు అంత ఉంటుంది. అడ్డం 110 మిల్లీమీటర్లు, బరువు సుమారు 105 గ్రాములు. పేరుకు మట్టిపలకే గానీ ఇప్పుడు తయారయ్యేవి సున్నపురాయి పొడి, తారులాంటి పదార్థం కలిపి పోతపోసినవి. ట్రాప్ ఆటలో షూటర్‌కు 15 మీటర్ల ముందు కందకంలో యంత్రాలుంటాయి. షూటర్ కేక వేయగానే పలక లేచి దూరంగా పోతుంది. ఎటు పోతుందో ముందు తెలియదు. స్కీట్ ఆటలో రెండు పక్కలా ఉన్న గూళ్ళ నుంచి పలకలు అడ్డంగా ఎగురుతాయి. రెండింటిలోనూ ఒక రౌండుకు 25 పలకలు.

చేలో మంచె మీద నిలబడి వడిసెల తిప్పినవారికి దీని కిటుకు చెప్పనక్కర్లేదు. ఎగిరే పిట్టను నేరుగా కొడితే రాయి దాని వెనక పడుతుంది, ముందుకు చూసి వదలాలి. ఇక్కడా అంతే. గుళ్ళు 35 మీటర్లు చేరడానికి సెకనులో పదోవంతు పడుతుంది. ఆ లోపు అడ్డంగా పోయే పలక రెండు మీటర్ల దాకా జరిగిపోతుంది. అందుకే తుపాకి మన కంటితో, భుజంతో కలిసి తిరగాలి. దాన్ని ఎంచుకోవడంలో కీలకమంతా ఇక్కడే ఉంది.

ఇంట్లో పాత తుపాకి పనికొస్తుందా?

'మా తాతగారి ఒంటిగొట్టం తుపాకి ఉంది కదా, దాంతోనే మొదలుపెడతాం' అంటారు కొందరు. ఆ పని చేయకండి. దీనికి మూడు కారణాలున్నాయి.

ఒకటి, ట్రాప్ పోటీల తొలి దశలో ఒక్కో పలకకు రెండు తూటాలు వేయవచ్చు. ఒంటిగొట్టానికి ఆ అవకాశం లేదు.

రెండు, తేలిక తుపాకి భుజాన్ని గట్టిగా తంతుంది. ఒక రౌండుకు 25 నుంచి 50 తూటాలు పేలతాయి. కొత్తవాడికి భుజం కమిలిపోయి, పేల్చే ముందే కళ్ళు మూసుకునే అలవాటు పడుతుంది. ఆ అలవాటు పడితే మాన్పించడం కష్టం.

మూడోది ప్రాణానికి సంబంధించినది. పాత పన్నెండు బోరు తుపాకుల్లో చాలావాటికి తూటా పట్టే గది రెండున్నర అంగుళాలే (65 మిల్లీమీటర్లు). ఇప్పటి తూటాలు ఎక్కువగా రెండు ముప్పావు అంగుళాలవి (70 మిల్లీమీటర్లు). తూటా మూతి మడత పెట్టి ఉంటుంది కాబట్టి పొట్టి గదిలోనూ లోపలికి పోతుంది. మనకేమీ తేడా తెలియదు. పేలినప్పుడు ఆ మడత విచ్చుకోవడానికి చోటుండదు. గొట్టం లోపల ఒత్తిడి పెరిగిపోతుంది. గొట్టం చీలినా చీలవచ్చు. ఇనుప తీగలు మెలిపెట్టి చేసిన, నీటి అలల గీతలు కనిపించే పాతకాలం గొట్టాలైతే ఇప్పటి తూటాలు అసలే వేయకూడదు.

ఇక నాటు తుపాకి సంగతి చెప్పనే అక్కర్లేదు. అది దగ్గరుంటేనే నేరం.

పన్నెండు బోరే ఎందుకు?

ఒక పౌను సీసాన్ని పన్నెండు సమాన గుండ్లు చేస్తే ఒక్కో గుండు ఎంత లావుంటుందో గొట్టం అంత వెడల్పు. సుమారు 18.5 మిల్లీమీటర్లు. అదే పన్నెండు బోరు. ఇరవై బోరు అంతకన్నా సన్నం. పోటీల్లో పన్నెండు బోరుకు మించకూడదు. తూటాలో సీసపు గుళ్ళ బరువు 24 గ్రాములు దాటకూడదు. కొత్తవారికి కూడా ఈ 24 గ్రాముల తూటాయే మేలు. తన్ను తక్కువ.

ఒక హెచ్చరిక. ఇరవై బోరు తూటా పన్నెండు బోరు తుపాకిలో పడితే జారిపోయి గొట్టం మధ్యలో ఇరుక్కుంటుంది. తుపాకి ఖాళీ అనుకుని వెనక ఇంకో తూటా పెట్టి పేలిస్తే గొట్టం పగిలిపోతుంది. అందుకే ఇరవై బోరు తూటాలు పసుపు రంగులో వస్తాయి. రెండు రకాలూ ఒకే సంచిలో పెట్టవద్దు.

ఏ రకం మంచిది?

ఈ ఆటకు ఎక్కువమంది వాడేది గొట్టం మీద గొట్టం ఉండే రకం. రెండు గొట్టాలు పక్కపక్కన కాకుండా కింద ఒకటి, పైన ఒకటి ఉంటాయి. గురి చూసేటప్పుడు కంటి ముందు ఒకే సన్నని గీత కనిపిస్తుంది. మధ్యకు విరిచి పట్టుకుంటే లోపల తూటా ఉందో లేదో పది అడుగుల దూరం నుంచి కూడా తెలిసిపోతుంది. రేంజిలో అందరికీ అది రక్ష. చేత్తో ముందుకు వెనక్కు లాగి తూటా ఎక్కించే పంప్ రకం అంతర్జాతీయ పోటీల్లో చెల్లదు.

ట్రాప్‌లో పలక దూరంగా పోతుంది. కాబట్టి 30 నుంచి 32 అంగుళాల గొట్టం, కొస బాగా సన్నబడిన చోక్ కావాలి. చోక్ అంటే గొట్టం మూతి దగ్గరి నొక్కు. పిచికారీ ముక్కు బిగిస్తే నీళ్ళు సన్నగా, దూరంగా పోతాయి. వదులు చేస్తే దగ్గరలోనే వెడల్పుగా పడతాయి. ఇదీ అంతే. ఫుల్ చోక్ అయితే 40 గజాల దూరంలో 30 అంగుళాల వలయంలో నూటికి 70 గుళ్ళ దాకా పడతాయి. స్కీట్‌లో పలక దగ్గరగా పోతుంది కాబట్టి 28 అంగుళాల గొట్టం, విశాలమైన చోక్ చాలు. ఏ ఆటో ఇంకా తేల్చుకోని వారు చోక్ మార్చుకునే వీలున్నది చూసుకోవడం మంచిది. బరువు మూడు కిలోలు దాటి ఉండాలి. మూడున్నర కిలోలున్నా పెద్దవాళ్ళకు ఫర్వాలేదు. సన్నగా ఉండే పిల్లలకు మాత్రం మోయగలిగిన బరువే పెట్టాలి.

కొలత కుదరాలి

కాడి కుదరకపోతే ఎంత మంచి ఎద్దయినా మెడ పుండు పడుతుంది. తుపాకి మడమ కూడా మనిషికి కుదరాలి. కళ్ళు మూసుకుని తుపాకి భుజానికెత్తి, చెంప ఆనించి కళ్ళు తెరవండి. కన్ను తిన్నగా గొట్టం మీది పట్టీ వెంబడి పోతే కుదిరినట్టు. పట్టీ అసలు కనిపించకపోయినా, మెడ వంచాల్సి వచ్చినా కుదరలేదన్నమాట. మడమ పొడవైతే చంకలో తట్టుకుంటుంది, పొట్టిదైతే బొటనవేలు ముక్కుకు తగులుతుంది. పనితెలిసిన వడ్రంగి మడమను కొంత సరిచేయగలడు గానీ గొట్టాన్ని సరిచేయలేడు.

దీనికి ముందు కన్ను తేల్చుకోవాలి. రెండు చేతులతో చిన్న సందు చేసి, రెండు కళ్ళూ తెరిచి, దూరంగా ఉన్న కరెంటు స్తంభాన్ని అందులోంచి చూడండి. ఎడమ కన్ను మూసినా స్తంభం కనిపిస్తే కుడి కన్ను బలమైనది. మాయమైతే ఎడమది. కుడిచేతి వాటం ఉండి ఎడమ కన్ను బలంగా ఉంటే కోచ్‌కు ముందే చెప్పాలి. ఈ సంగతి తెలియక నెలల తరబడి తుపాకిని తిట్టుకునేవారుంటారు.

సెకండ్ హ్యాండ్ కొనేవారికి

విదేశాల్లో ఇటలీ బెరెట్టా, పెరాజ్జి, జపాన్ మిరోకు తుపాకులకు మంచి పేరుంది. కానీ మన దేశంలో మామూలు మనిషి తుపాకిని దిగుమతి చేసుకోవడానికి వీల్లేదు. పోటీల్లో నిర్ణీత స్థాయి అందుకున్న షూటర్లకే ఆ సౌకర్యం. అందుకని కొత్తవారికి దొరికేది ఎక్కువగా లైసెన్సు ఉన్న డీలర్ల దగ్గరి పాత సరుకు. కొనే ముందు ఇవి చూడండి.

• తుపాకి విప్పించి గొట్టాన్ని వెలుతురుకు పెట్టి చూడండి. లోపల గుంటలు, తుప్పు, సొట్ట ఉంటే వద్దు.
• మూసి పట్టుకుని కదిపితే కీలు దగ్గర లటలట కొట్టకూడదు.
• గది పొడవు, పరీక్ష ముద్రలు గొట్టం అడుగున ఉంటాయి. చదివించుకోండి.
• తుపాకి నంబరు, కాగితాల మీది నంబరు ఒకటేనా చూసుకోండి.

చట్టం మరవొద్దు

1959 ఆయుధాల చట్టం ప్రకారం 21 ఏళ్ళు నిండనివారికి లైసెన్సు రాదు. పిల్లలు శిక్షణలో భాగంగా, పెద్దల పర్యవేక్షణలోనే పేల్చాలి. లైసెన్సు జిల్లా కలెక్టర్, పోలీసు కమిషనరేట్ ఉన్నచోట కమిషనర్ ఇస్తారు. పోలీసు విచారణ ఉంటుంది. 2019 సవరణ తర్వాత లైసెన్సు గడువు అయిదేళ్ళు. తూటాలు ఎన్ని కొనవచ్చో కూడా లైసెన్సులోనే రాస్తారు. కాబట్టి ఆట కోసమని దరఖాస్తులో స్పష్టంగా రాయాలి. చేను కాపలాకని తీసుకున్న లైసెన్సుతో రేంజికి బయల్దేరే ముందు అది ఏ పనికి, ఏ ప్రాంతం వరకు చెల్లుతుందో చదువుకోండి. ఎన్నికలప్పుడు స్టేషన్లో అప్పగించమంటే అప్పగించాలి.

ఆటకు తీసుకున్న తుపాకితో చేలో నెమలినో, అనుమతి లేకుండా పందినో కొడితే 1972 వన్యప్రాణి చట్టం కింద కేసు. తుపాకీ పోతుంది, లైసెన్సూ పోతుంది, జైలు తప్పదు. పిల్లవాడి ఆట అక్కడితో ఆగిపోతుంది.

తొందరపడి కొనొద్దు

అన్నిటికన్నా తెలివైన పని, మొదటి కొన్ని నెలలు ఏమీ కొనకుండా ఉండటం. రైఫిల్ అసోసియేషన్‌కు అనుబంధంగా ఉన్న క్లబ్బులో చేరి, అక్కడి తుపాకులతోనే నేర్చుకోండి. ట్రాపా, స్కీటా అన్నది అప్పుడు తేలుతుంది. ఏ కొలత కుదురుతుందో భుజమే చెబుతుంది. ఆ డబ్బుతో ముందు చెవులకు మఫ్‌లు, కళ్ళకు అద్దాలు కొనండి. చెవి ఒకసారి దెబ్బతింటే తిరిగి రాదు.

కొన్నాక తుపాకిని తాళం వేసిన బీరువాలో, తూటాలను వేరేచోట పెట్టండి. తాళంచెవి పిల్లలకు తెలిసిన మేకుకు తగిలించకండి. చేతిలోకి తీసుకున్న ప్రతిసారీ విరిచి చూడండి. 'ఇందాకే చూశాంలే' అన్నా సరే, మళ్ళీ చూడండి.