ఓడలో చదువు: మెమో ఇచ్చేది ఎవరు?

పదో తరగతి ఫలితాలు వచ్చాయంటే చాలు, పిల్లల ఫోన్లలో తెరచాపల ఓడ వీడియోలు తిరుగుతాయి. డెక్ మీద క్లాసు, వెనక డాల్ఫిన్లు, ‘ప్రపంచం చుట్టేస్తూ చదువు పూర్తి చేయండి’ అనే పిలుపు. వైరా నుంచి భద్రాచలం దాకా సముద్రపు వాసనే తెలియని ఊళ్లు మనవి. అందుకే కొందరు దీన్ని ఒట్టి మోసం అని కొట్టిపారేస్తారు. ఇంకొందరు పొలం అమ్మైనా పంపుదామా అని ఆలోచిస్తారు. రెండూ తొందరపాటే.

అపోహ: అలాంటి బడి లేదు, ఉన్నా అది విహారయాత్రే.

బడి ఉంది. కెనడాలో ‘క్లాస్ అఫ్లోట్’ 1984లో మొదలైంది. జర్మనీలో ‘హై సీస్ హైస్కూల్’ 1993 నుంచి హైస్కూలు పిల్లల్ని తెరచాప ఓడల మీద పంపుతోంది. అమెరికాలో డిగ్రీ విద్యార్థుల కోసం ‘సెమిస్టర్ ఎట్ సీ’ 1963 నాటిది, కాకపోతే అది పెద్ద ప్రయాణికుల ఓడ.

తెరచాప ఓడ మీద విహారం మాట మరిచిపోవాలి. అర్ధరాత్రి లేపి వాచ్ డ్యూటీకి పంపుతారు. చుక్కాని పట్టాలి, దిక్సూచి మీద చూపు నిలపాలి. ఓడ ఉన్న అక్షాంశం, రేఖాంశం, గాలి వేగం, బారోమీటర్ రీడింగ్ ఎప్పటికప్పుడు లాగ్‌బుక్‌లో ఎక్కించాలి. తెల్లారాక డెక్ తోమడం, గిన్నెలు కడగడం కూడా వాళ్ల పనే. కడుపులో తిప్పుతున్నా ఆ తర్వాత లెక్కల క్లాసుకు కూర్చోవాలి. ఆ లెక్కలకు అక్కడ విలువ ఉంది. సెక్స్‌టాంట్‌తో సూర్యుడి ఎత్తు కొలిచి ఓడ ఎక్కడుందో తేల్చడానికి మన ఇంటర్ పిల్లలు బట్టీపట్టే సైన్, కొసైన్‌లే కావాలి. ఈ చదువులో నాకు అన్నిటికన్నా నచ్చేది ఇదే.

అపోహ: సర్టిఫికెట్ ఓడే ఇస్తుంది, ఎక్కడైనా చెల్లుతుంది.

అసలు చిక్కంతా ఇక్కడే. ఓడ ఎవరికీ క్రెడిట్ ఇవ్వదు. ఒడ్డున ఉన్న బోర్డో, విశ్వవిద్యాలయమో ఆ పాఠాలను పరిశీలించి తన రికార్డులో నమోదు చేస్తేనే అది క్రెడిట్. సెమిస్టర్ ఎట్ సీ క్రెడిట్లు 2016 నుంచి కొలరాడో స్టేట్ యూనివర్సిటీ పేరున వస్తున్నాయి. అంతకుముందు పదేళ్లు వర్జీనియా విశ్వవిద్యాలయం పేరున వచ్చాయి. కాబట్టి బ్రోషర్ చేతికి రాగానే అడగాల్సిన మొదటి ప్రశ్న: మెమో మీద ఎవరి ముద్ర ఉంటుంది? మన దగ్గర దానికి సమానత్వ గుర్తింపు ఉందా?

మన దేశంలోనూ 2023లో జాతీయ క్రెడిట్ చట్రం వచ్చింది. ఏడాదికి 1,200 గంటల అభ్యాసానికి 40 క్రెడిట్లు, అంటే 30 గంటలకు ఒకటి. ఆటలకూ, నైపుణ్యాలకూ అందులో చోటుంది. అయితే గంటలు గడిపినంత మాత్రాన సరిపోదు, అంచనా వేసి మార్కులు ఇచ్చే సంస్థ ఉండాలి. తిరుగుతూ చదవాలనుకునేవాళ్లకు జాతీయ ఓపెన్ స్కూల్ ఎప్పటినుంచో ఉంది. ఐదేళ్ల గడువులో తొమ్మిదిసార్లు పరీక్ష రాసే వీలుంటుంది. పరీక్షకు మాత్రం ఒడ్డుకు రావాల్సిందే.

ఎవరూ చెప్పని ఇంకో సంగతి ‘లోకల్’. మన వృత్తి విద్యా కోర్సుల్లో స్థానిక కోటా 371-డి అధికరణం కింద వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వుల మీద నడుస్తుంది. అర్హత పరీక్షతో ముగిసే నాలుగేళ్లు వరుసగా ఇక్కడ చదవడం అందులో ప్రధానమైన కొలమానం. ఇంటర్‌లో ఒక ఏడాది బయట గడిపితే ఆ వరుస తెగుతుంది. ఇంజినీరింగ్, మెడిసిన్ ఆశలున్న ఇంట్లో టికెట్ కన్నా ముందు ఈ నిబంధన చదవాలి.

అపోహ: సముద్రం లేని ఊరివాళ్లకు, డబ్బు లేనివాళ్లకు ఇది కుదరదు.

విదేశీ ఓడబడుల ఫీజులు పదుల లక్షల్లో ఉంటాయి, అది నిజం. కానీ తెరచాప నేర్చుకోవడానికి సముద్రమే అక్కర్లేదు. హైదరాబాద్ యాట్ క్లబ్ హుస్సేన్‌సాగర్‌లో పేదింటి పిల్లలకు సెయిలింగ్ నేర్పుతోంది. అక్కడ నేర్చుకున్న ప్రీతి కొంగర హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో దేశం తరఫున పోటీపడింది. పిల్లలు మొదట ఎక్కే ఆప్టిమిస్ట్ పడవ పొడవు రెండు మీటర్ల పైచిలుకు. నిజాం కాలంలో కట్టిన మన వైరా రిజర్వాయర్‌లో అలాంటి పడవకు నీళ్లకేం కొదవ? నేర్పేవాళ్లు కావాలి, పడవలు కావాలి. జిల్లా క్రీడా శాఖ తలచుకుంటే ఇది అసాధ్యం కాదు.

ఇక భూగోళం చుట్టడం సంగతి. 2017 సెప్టెంబర్ 10న గోవా నుంచి బయల్దేరి భూగోళం చుట్టి 254 రోజుల్లో తిరిగొచ్చిన నౌకాదళ తెరచాప పడవ ఐఎన్‌ఎస్‌వీ తారిణి పొడవు 55 అడుగులు. అందులోని ఆరుగురు నౌకాదళ మహిళా అధికారుల్లో పి. స్వాతిది విశాఖ, బి. ఐశ్వర్యది సముద్రం లేని హైదరాబాద్.

అపోహ: ఓడెక్కితే ప్రాణాల మీద ఆశ వదులుకోవాలి.

ప్రమాదం ఉంది, దాచకూడదు. క్లాస్ అఫ్లోట్ ఓడ కంకార్డియా 2010 ఫిబ్రవరి 17న బ్రెజిల్ తీరానికి దూరంగా మునిగిపోయింది. 48 మంది విద్యార్థులతో కలిపి మొత్తం 64 మంది లైఫ్‌రాఫ్టుల్లో గంటల తరబడి గడిపారు. అందరూ బతికారు. ముందే డ్రిల్లులు చేయించి ఉండటం వాళ్లను కాపాడింది. పంపేముందు ఓడ భద్రతా పత్రాలు, సిబ్బంది అర్హతలు అడిగే హక్కు తల్లిదండ్రులకు ఉంది.

అపోహ: ఏజెంటుకు డబ్బు కడితే మర్చంట్ నేవీలో చదువూ జీతమూ.

మన ప్రాంతంలో డబ్బులు పోతున్నది ఎక్కువగా ఇక్కడే. నిజానికి ఓడ మీద గడిపిన కాలాన్ని చదువులో లెక్కించే స్వదేశీ దారి మనకుంది. ఇంటర్ ఎంపీసీ చేసి, ఇండియన్ మారిటైమ్ యూనివర్సిటీ ప్రవేశ పరీక్ష రాసి, డిప్లొమా ఇన్ నాటికల్ సైన్స్‌లో చేరవచ్చు. ఒక ఏడాది కాలేజీలో, ఆపై 18 నెలలు ఓడ మీద క్యాడెట్‌గా. చేసిన ప్రతి పనీ శిక్షణ పుస్తకంలో రాసి, ఓడ అధికారులతో సంతకం పెట్టించుకోవాలి. ఏజెంటు చూపించే లేఖలో చాలాసార్లు ఈ పరీక్ష పేరు గానీ, ఈ కోర్సు పేరు గానీ కనబడదు. షిప్పింగ్ డైరెక్టర్ జనరల్ కార్యాలయం గుర్తించిన సంస్థల జాబితా ఇంటర్నెట్‌లోనే ఉంటుంది. అందులో పేరు లేని చోట రూపాయి అడ్వాన్సు కూడా కట్టొద్దు.