నిపుణుల క్రిప్టో పొజిషన్లు కనిపిస్తాయి, వ్యూహం కనిపించదు

చెన్నై నుంచి అండమాన్, నికోబార్ దీవులకు సుమారు 2,300 కిలోమీటర్ల సముద్రగర్భ ఆప్టికల్ ఫైబర్ కేబుల్ 2020 ఆగస్టు 10న ప్రారంభమైంది. దానితో శ్రీ విజయపురం (పూర్వపు పోర్ట్ బ్లెయిర్) వాసులకు వేగవంతమైన ఇంటర్నెట్‌తో పాటు క్రిప్టో మార్కెట్లూ చేరువయ్యాయి. ఆ మార్కెట్లలో నిపుణులైన ట్రేడర్ల పొజిషన్లను ఎప్పటికప్పుడు చూపే డేటా సాధనాలు ఇప్పుడు ఫోనులోనే లభిస్తున్నాయి.

ఇవి ఎలా పనిచేస్తాయి?

హైపర్‌లిక్విడ్ వంటి వేదికలపై లావాదేవీలు బహిరంగ బ్లాక్‌చెయిన్‌లో నమోదవుతాయి. యజమాని పేరు ఉండదు. వాలెట్ చిరునామా, పొజిషన్ పరిమాణం, కొన్న ధర మాత్రం అందరికీ కనిపిస్తాయి. సాధనం గత లాభాలను బట్టి వాలెట్లకు ర్యాంకులిచ్చి, వారిలో ఎందరు ధర పెరుగుతుందని, ఎందరు తగ్గుతుందని భావిస్తున్నారో లెక్కగడుతుంది.

పరిమితులేమిటి?

అదే ట్రేడర్ నష్టభయం తగ్గించుకునేందుకు మరో ఎక్స్ఛేంజీలో వ్యతిరేక పొజిషన్ తీసుకుంటే అది ఇక్కడ కనిపించదు. 40 రెట్ల లివరేజ్‌తో 1,000 రూపాయలకు 40,000 రూపాయల పొజిషన్ వస్తుంది. ధర రెండున్నర శాతం పడితే ఆ వెయ్యీ పోయినట్లే. 2025 మే నెలలో జేమ్స్ విన్ పేరుతో ప్రసిద్ధుడైన ట్రేడర్ బిట్‌కాయిన్‌పై 100 కోట్ల డాలర్లకు మించిన పొజిషన్‌ను ప్రపంచమంతా చూస్తుండగానే తీసుకున్నారు. నెల తిరగకముందే భారీగా నష్టపోయారు.

సెబీ పర్యవేక్షణలోని షేర్ల డెరివేటివ్స్‌లోనే 2021-22 నుంచి 2023-24 వరకు 93 శాతం వ్యక్తిగత ట్రేడర్లు నష్టపోయినట్లు ఆ సంస్థ అధ్యయనం తేల్చింది. విదేశీ క్రిప్టో వేదికలపై ఆ పర్యవేక్షణ కూడా లేదు. అందువల్ల ఈ సాధనాలను మార్కెట్ ధోరణిని గ్రహించేందుకే వాడాలి. అనుకరణకు ఆధారంగా భావించరాదు.