బొమ్మ రాకెట్‌ను రెండింతలు చేస్తే బరువు ఎనిమిది రెట్లు: నమూనా పెద్దదైతే మారే లెక్కలివీ

జంషెడ్‌పూర్‌: చంద్రయాన్‌-3ను మోసుకెళ్లిన ఎల్‌వీఎం3 రాకెట్‌ను శ్రీహరికోటలో జోడించేందుకు ఉపయోగపడిన ఓవర్‌హెడ్‌ క్రేన్‌ను జంషెడ్‌పూర్‌లోని టాటా గ్రోత్‌ షాప్‌ తయారు చేసింది. 43.5 మీటర్ల ఎత్తు, 640 టన్నుల బరువుతో ఆ రాకెట్‌ 2023 జులై 14న నింగికెగసింది. భారీ యంత్రాల తయారీ తరతరాలుగా అలవాటైన, ఆంధ్ర ప్రాంతం నుంచి ఉపాధి కోసం వచ్చిన వేలాది కుటుంబాలు స్థిరపడిన ఈ ఉక్కు నగరంలో, అట్ట గొట్టంతో చేసే రెండడుగుల బొమ్మ రాకెట్‌ను నాలుగడుగులకు పెంచడం చిన్న పనిగానే తోచవచ్చు. కొలతలన్నింటినీ రెండుతో హెచ్చవేస్తే సరిపోతుందనేది సహజంగా వచ్చే ఆలోచన. అలా చేసిన రాకెట్‌ చూడటానికి పాతదానిలాగే ఉంటుంది, ఎగరడంలో మాత్రం ఉండదు.

మోడల్‌ రాకెట్లను ఇష్టపడేవారికి పాత కిట్లను పెంచి కట్టడం చాలాకాలంగా ఉన్న వ్యాపకం. చిన్నతనంలో ఎగరవేసిన రాకెట్‌నే పెద్దయ్యాక పెద్ద రూపంలో ఎగరవేయాలని అనేకమంది కోరుకుంటారు. అమెరికాకు చెందిన ఎస్టెస్‌ సంస్థ 1960లలో తెచ్చిన ‘బిగ్‌ బెర్తా’ ఇందుకు మంచి ఉదాహరణ. పొడవు దాదాపు 61 సెంటీమీటర్లు, వ్యాసం సుమారు 42 మిల్లీమీటర్లు, బరువు 70 గ్రాముల మేర ఉంటుంది. లావాటి గొట్టం, వెడల్పాటి నాలుగు రెక్కలతో నెమ్మదిగా పైకి లేచే ఈ రాకెట్‌కు ఆదరణ ఎంతగా ఉందంటే, ఆ సంస్థే ‘సూపర్‌ బిగ్‌ బెర్తా’ పేరిట పెద్ద రూపాన్నీ విడుదల చేసింది.

ఈ వ్యాపకం పుట్టిందే భద్రత కోసం. 1957 అక్టోబరు 4న సోవియట్‌ యూనియన్‌ స్పుత్నిక్‌ను ప్రయోగించాక అమెరికాలో కుర్రకారు ఇనుప గొట్టాల్లో రసాయనాలు దట్టించి సొంత రాకెట్లు చేయసాగారు. గొట్టాలు పేలి వేళ్లు, కళ్లు కోల్పోయినవారున్నారు, ప్రాణాలు పోయిన సందర్భాలూ ఉన్నాయి. అప్పటికే నెబ్రాస్కా రాష్ట్రంలోని నార్ఫోక్‌లో చెప్పుల దుకాణం నడిపే ఆర్విల్‌ కార్లైల్‌ 1954లో కాగితం, తేలికపాటి చెక్కతో ఒక రాకెట్‌ను రూపొందించారు. దానికి మార్చి వేసుకునే చిన్న మోటారు, సురక్షితంగా దిగేందుకు పారాచూట్‌ ఉన్నాయి. రాకెట్‌ భద్రతా నిపుణుడు హ్యారీ స్టైన్‌ దానిని ప్రచారంలోకి తెచ్చారు. 1958లో వెర్న్‌ ఎస్టెస్‌ స్థాపించిన సంస్థ మోటార్లను యంత్రంపై ఒకే తీరుగా తయారు చేయడంతో పిల్లలు మందు కూరే అవసరం లేకుండా పోయింది. రాకెట్‌ను ఎవరైనా కట్టవచ్చు, మోటారును మాత్రం కర్మాగారమే చేయాలన్నది అప్పటి నుంచి వస్తున్న నియమం.

రెండో నియమం ఉక్కు నగరానికి కాస్త వింతగా అనిపిస్తుంది. రాకెట్‌ నిర్మాణంలో ముక్కు నుంచి రెక్కల వరకు లోహం వాడకూడదు. ఏదైనా తేడా వస్తే కాగితం చిరిగిపోతుంది, లోహం ముక్కలై దూసుకువస్తుంది.

వర్గం, ఘనం మధ్య చిక్కు

ఇక పెంపకం సంగతి. బిగ్‌ బెర్తా కొలతలను రెండింతలు చేస్తే పొడవు 122 సెంటీమీటర్లు, వ్యాసం 84 మిల్లీమీటర్లు అవుతాయి. గాలికి అడ్డుపడే వైశాల్యం రెండు రెట్లు కాదు, రెండు వర్గం చొప్పున నాలుగు రెట్లు పెరుగుతుంది. గొట్టం మందం, రెక్కల మందం సహా అన్నీ రెట్టింపైతే బరువు రెండు ఘనం చొప్పున ఎనిమిది రెట్లు, అంటే 560 గ్రాములకు చేరుతుంది. వైశాల్యం ఒక వేగంతో, బరువు మరో వేగంతో పెరగడమే మిగతా ఇబ్బందులన్నింటికీ మూలం.

ముందుగా మోటారు. మోడల్‌ రాకెట్‌ మోటార్లను ఏ, బీ, సీ, డీ అక్షరాలతో వర్గీకరిస్తారు. ఒక్కో అక్షరం పెరిగేకొద్దీ మోటారు ఇవ్వగల గరిష్ఠ ప్రచోదనం రెట్టింపవుతుంది. సీ తరగతి పరిమితి 10 న్యూటన్‌-సెకన్లు, డీ 20, ఈ 40, ఎఫ్‌ 80. చిన్న బెర్తాకు సీ మోటారు చాలు. బరువు ఎనిమిది రెట్లు అయినప్పుడు మూడు అక్షరాలు దాటి ఎఫ్‌కు వెళ్లాలి. మొత్తం శక్తితో పాటు తొలి క్షణాల తోపుడు బలమూ ముఖ్యమే. ప్రయోగ సమయపు బరువుకు కనీసం ఐదు రెట్ల బలం ఉండాలన్నది సాధారణ సూత్రం. మోటారుతో కలిపి 660 గ్రాములు తూగే పెద్ద బెర్తాకు ఈ లెక్కన 32 న్యూటన్లకు పైగా కావాలి. అది లేకపోతే ప్రయోగ కడ్డీని వదిలేటప్పటికి రెక్కలు పనిచేసేంత వేగం అందక రాకెట్‌ పక్కకు ఒరిగిపోతుంది. పెన్సిల్‌ కంటే సన్నని పాత కడ్డీ కూడా ఈ బరువుకు వంగిపోతుంది కనుక మందమైన కడ్డీ లేదా పట్టాను అమర్చాలి.

ఇక్కడే చాలామంది ఊహించని ఫలితం ఒకటుంది. బరువుకు తగ్గట్టు ఎనిమిది రెట్ల ప్రచోదనం ఇచ్చినప్పుడు గాలి నిరోధం నాలుగు రెట్లే పెరుగుతుంది. అంటే ప్రతి గ్రాముపై పడే నిరోధం సగానికి తగ్గుతుంది. అందువల్ల పెద్ద రాకెట్‌ చిన్నదానికన్నా ఎత్తుకు వెళుతుంది, మోటారు ఆగిపోయాక కూడా ఎక్కువ సేపు పైకి సాగుతుంది. పాత మోటారులో పారాచూట్‌ తెరుచుకునేందుకు పెట్టిన ఐదు సెకన్ల జాప్యం దీనికి సరిపోకపోవచ్చు. ఇంకా వేగంగా పోతుండగానే పారాచూట్‌ తెరుచుకుంటే తాళ్లు తెగుతాయి. దిగేటప్పుడు గాలివాటుకు కొట్టుకుపోయే దూరమూ పెరుగుతుంది.

పారాచూట్‌ను కూడా రెండింతలు చేస్తే చాలదు. ఎనిమిది రెట్ల బరువును మునుపటి వేగంతోనే దించాలంటే ఎనిమిది రెట్ల వైశాల్యం కావాలి. 45 సెంటీమీటర్ల పారాచూట్‌ను 90కి కాక దాదాపు 127 సెంటీమీటర్లకు పెంచాలి. వ్యాసం 90 వద్దే ఆపితే రాకెట్‌ 40 శాతం ఎక్కువ వేగంతో నేలను తాకుతుంది, ఎనిమిది రెట్ల బరువుతో.

తూకం తప్పితే తలకిందులు

రాకెట్‌ నిటారుగా సాగాలంటే దాని గురుత్వ కేంద్రం ముందు, గాలి ఒత్తిడి కేంద్రీకృతమయ్యే పీడన కేంద్రం వెనుక ఉండాలి. రెండింటి మధ్య కనీసం గొట్టం వ్యాసమంత దూరం అవసరం. ఆకారం మారదు కాబట్టి పీడన కేంద్రం పాత నిష్పత్తిలోనే ఉంటుంది. గురుత్వ కేంద్రం అలా ఉండదు. మోటారు బరువంతా తోక వద్ద చేరుతుంది, రెక్కలకు బాల్సా బదులు ప్లైవుడ్‌ వాడితే తోక మరింత బరువెక్కుతుంది. దీంతో గురుత్వ కేంద్రం వెనక్కి జారుతుంది. అది పీడన కేంద్రాన్ని దాటిందంటే రాకెట్‌ గాలిలో పల్టీలు కొడుతుంది. ముక్కులో కొంత బరువును జిగురుతో బిగించడమే దీనికి విరుగుడు. అయితే ఆ బరువు మొత్తం లెక్కను మళ్లీ మొదటికి తెస్తుంది.

చిన్న రాకెట్‌ను గురుత్వ కేంద్రం వద్ద దారం కట్టి తల చుట్టూ తిప్పి, ముక్కు ముందుకే ఉంటోందా అని చూసేవారు. నాలుగడుగుల రాకెట్‌ను అలా తిప్పడం కుదరని పని. నాసాలో పనిచేసిన జేమ్స్‌ బారోమాన్‌ 1966లో పీడన కేంద్రాన్ని కాగితంపైనే గణించే పద్ధతిని మోడల్‌ రాకెట్‌ ప్రియులకు అందించారు. నేడు ఓపెన్‌రాకెట్‌ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌ ఈ లెక్కలన్నీ చేసిపెడుతోంది. కొనే ముందు, కోసే ముందు ప్రతి భాగాన్నీ తూచి అందులో నమోదు చేస్తే జిగురు ఎండకముందే లోపం బయటపడుతుంది. రాకెట్‌ నేలపై ఉన్నప్పుడు దిద్దుకునే అవకాశం ఉన్నది ఆ దశలోనే.

నమూనాల పరిమాణం ఎంతవరకు వెళ్లిందంటే, 2009 ఏప్రిల్‌ 25న స్టీవ్‌ ఈవ్స్‌ అనే అమెరికన్‌ మేరీలాండ్‌లోని ప్రైస్‌ వద్ద శాటర్న్‌-5కు పదో వంతు నమూనాను ఎగరవేశారు. దాని ఎత్తు 11 మీటర్లు, బరువు సుమారు 750 కిలోలు. తొమ్మిది మోటార్లు మండి అది 1,300 మీటర్లకు పైగా ఎగసి, పారాచూట్ల సాయంతో దిగింది. మన దేశపు రాకెట్ల కథలోనూ మెట్టుమెట్టుగా పెంచే పద్ధతే కనిపిస్తుంది. 1967లో తుంబా నుంచి ఎగిరిన రోహిణి-75 పేరులోని అంకె దాని వ్యాసం, 75 మిల్లీమీటర్లు. శ్రీహరికోట నుంచి 1971 అక్టోబరు 9న జరిగిన తొలి ప్రయోగం రోహిణి-125ది. తర్వాత 200, 300, 560 వచ్చాయి. పేర్లు ఒకే వరుసలో ఉన్నా, ఏదీ ముందుదానికి అచ్చు నకలు కాదు.

మోటారు దొరికేదెలా?

భారత్‌లో అసలు అడ్డంకి అట్ట, చెక్క కావు. తుపాకీ మందు, అమ్మోనియం పెర్‌క్లోరేట్‌ వంటి ఇంధనాలతో పనిచేసే మోటార్లకు 1884 నాటి పేలుడు పదార్థాల చట్టం, 2008 నాటి నిబంధనలు అడ్డువస్తాయి. వాటి తయారీ, నిల్వ, రవాణా, అమ్మకాలకు అనుమతులు కావాలి. ఈ వ్యవహారాలను నాగ్‌పుర్‌ కేంద్రంగా ఉన్న ‘పెసో’ చూస్తుంది. దీపావళి బాణసంచాను విప్పి మందు తీయడం, వంటింట్లో సూరేకారం, చక్కెర కలిపి కాచడం వంటివి అంతర్జాలంలో తేలికగా కనిపిస్తాయి. అవి చట్టరీత్యా నేరం కావడమే కాదు, 1950ల అమెరికా ప్రమాదాలను ఇక్కడ తిరిగి తెచ్చుకోవడమే. ఎఫ్‌ తరగతి మోటారుకు సరిపడా మందు పేలితే గది మొత్తానికీ ముప్పే.

ప్రయోగ స్థలం మరో సమస్య. అమెరికా జాతీయ రాకెట్రీ సంఘం భద్రతా నియమావళి సీ మోటారుకు 400 అడుగులు, ఎఫ్‌, జీ మోటార్లకు 1,000 అడుగుల మేర ఖాళీ స్థలం ఉండాలంటుంది. పెద్ద మోటార్లకు ప్రేక్షకులు 30 అడుగుల దూరంలో నిలబడాలి, గాలి వేగం గంటకు 32 కిలోమీటర్లు దాటకూడదు. సోనారీ విమానాశ్రయం, కర్మాగారాలు, కిక్కిరిసిన బస్తీలు ఉన్న జంషెడ్‌పూర్‌లో ఏదో ఒక మైదానం చూసుకుని ఎగరవేద్దామంటే కుదరదు.

విద్యార్థులకు ఉన్న సరైన దారి సంస్థాగత పోటీలే. ఇన్‌-స్పేస్‌, ఇస్రో, భారత ఆస్ట్రోనాటికల్‌ సొసైటీ కలిసి మోడల్‌ రాకెట్రీ, క్యాన్‌శాట్‌ పోటీలు నిర్వహిస్తున్నాయి. 2025 అక్టోబరులో ఉత్తర్‌ప్రదేశ్‌లోని కుశీనగర్‌ జిల్లాలో కళాశాలల బృందాలు తమ రాకెట్లను పర్యవేక్షణలో ప్రయోగించాయి. అంతవరకు వెళ్లలేని పాఠశాలలకు నీరు, గాలి ఒత్తిడితో ఎగిరే సీసా రాకెట్‌ ఉంది. సైకిల్‌ పంపు, శీతల పానీయం సీసా, అట్టతో కోసిన రెక్కలు ఉంటే చాలు. ఒక లీటరు సీసాతో మొదలుపెట్టి రెండు లీటర్లకు మారితే చాలు, వర్గం, ఘనం మధ్య తేడా పిల్లల కళ్లెదుటే తెలుస్తుంది. అక్కడా గాలి నింపిన సీసాపై వంగి చూడకూడదు, పెద్దలు పక్కనుండాలి.